దిబ్బ మీద వెలుగుంటే దిగొద్దు

కాశమ్మ ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. దాని పేరు ఆపతి పెట్టె. పేరు పెట్టింది కాశమ్మ కాదు, చుట్టుపక్కల వాళ్లు. ధారూరు అవతల, తాండూరు పోయే రైలుకట్టకు కాస్త ఎడంగా, వాగు ఒడ్డున నాలుగిళ్లు ఉంటాయి. ఆ నాలుగిళ్లలో ఎవరికి తేలు కుట్టినా, ఎవరి బొక్కెన బావిలో జారినా, కరెంటు పోయి ఏ పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చినా "కాశమ్మను అడుగుపోండ్రి" అంటారు. కాశమ్మ పెట్టె తెరుస్తుంది. తాడో, కొవ్వొత్తో, జ్వరం గోలీనో చేతిలో పెడుతుంది. తిరిగి ఇస్తే తీసుకుంటుంది, ఇవ్వకపోతే అడగదు.

ఆ పెట్టెలో ఏముంటాయో చెప్పాలంటే, పాలిథిన్ కవరులో చుట్టిన అగ్గిపెట్టెలు, ఉతికి మడిచిన పాత ధోతి గుడ్డలు, పసుపు, బెల్లం, పుట్నాలు. అన్నింటికీ అడుగున ఒక సెల్‌ఫోన్. అది కాశమ్మ మొగుడు మల్లప్పది. గొర్రెలు కాసే మనిషి కదా, దగ్గర పెట్టుకోవాలి కదా అంటారా? మల్లప్ప ఇప్పటికి రెండు ఫోన్లు వాగుకు సమర్పించుకున్నాడు. మూడోది కొన్నాక, "ఆపతికి పనికొస్తది, పెట్టెల భద్రంగ దాయి" అని తనే తెచ్చి పెళ్లాం చేతికిచ్చాడు. ఆపతి వస్తే ఫోను ఇంట్లో, మనిషి గుట్ట మీద. ఇంత తెలివిగల సంసారం ఆ పక్క మరొకటి లేదు.

మృగశిర కార్తె వచ్చిందంటే కాశమ్మ పెట్టె మొత్తం ఖాళీ చేసి, మూత లోపలి వైపు బూడిదతో, చింతపండుతో తోముతుంది. పైన రంగు ఊడి తుప్పు పట్టినా లోపల మాత్రం అద్దంలా ఉంటుంది. అందులో చూసుకునే బొట్టు పెట్టుకుంటుంది. "తోమి తోమి అరగదీస్తున్నవు, ఇగ అది పెట్టె కాదు, జల్లెడైతది" అని మల్లప్ప ఏటా అంటాడు. మూతకున్న రెండు కీళ్లలో ఒకటి ఎన్నడో ఊడిపోయింది. రెండోది కూడా సగం విరిగితే ఇనుప తీగ చుట్టి ఉంచింది.

ఇదంతా ఒక ఎత్తు, కందిలి లాంతరు ఒక ఎత్తు.

మల్లప్ప రోజూ పొద్దున్నే గొర్రెలను తోలుకుని వాగు దాటి, అవతలి గుట్టవాలు మీద మేపి, పొద్దు గూకే వేళకు మళ్లీ వాగు దాటి వస్తాడు. రేవు దగ్గర నీళ్లు పాదాలు తడిపేంతే. కానీ ఆ వాగుకు నీళ్లు వచ్చేది ఇక్కడి వానతో కాదు, అనంతగిరి గుట్టల్లో పడ్డ వానతో. ఇక్కడ ఎండ కాస్తుంటుంది, అక్కడ కుండపోత కురుస్తుంటుంది. రేవు దగ్గర నిలబడ్డవాడికి ఏమీ తెలియదు. నూటయాభై గొర్రెలు నడి వాగులో ఉండగా ఎర్రనీళ్లు వచ్చి మీద పడతాయి. వాగుకు ఎగువన, దూరంగా ఉన్న వంపు కనపడేది ఒక్క కాశమ్మ ఇంటి పక్క దిబ్బ మీద నుంచే.

అందుకని పెళ్లయి వచ్చిన మొదటి ఏడే మొగుడూ పెళ్లాలు ఒక మాట అనుకున్నారు. వంపు దగ్గర ఎర్రనీళ్లు కనిపిస్తే కాశమ్మ దిబ్బ మీద కందిలి పెడుతుంది. వెలుగుంటే దిగొద్దు. వెలుగు లేకపోతే రావచ్చు. ముప్పై రెండేళ్లుగా అదే లెక్క. లోకంలో ఆడవాళ్లంతా మొగుడు రావాలని దీపం పెడతారు, కాశమ్మ రావద్దని పెడుతుంది.

ఆ కందిలిని శ్రావణంలో ఒక పొట్టేలు పొడిచి పగలగొట్టింది. వారం రోజుల పాటు కాశమ్మ ఆ పొట్టేలు మొహం చూడలేదు. కొత్త గాజు బుడ్డి వేయిద్దామన్నా పొయ్యడానికి గ్యాసునూనె, అంటే కిరోసిన్, దొరకడమే గగనమైపోయింది. చేతి బ్యాటరీ లైటు ఉండేది, సెల్లులు కారి లోపలంతా పచ్చగా చిలుము పట్టింది. పెట్టెలో కొవ్వొత్తులు కూడా ఒకటీ అరా మిగిలాయి. సరే, అన్నీ ఒక్కసారే తెచ్చుకుందామని, సెప్టెంబరు మొదటి శనివారం గొర్రెపిల్ల అమ్మిన డబ్బు చెంగున ముడేసుకుని కాశమ్మ తాండూరు రైలెక్కింది.

తాండూరు బజారులో సుధాకర్ దుకాణం. వాళ్లది భూములున్న ఇల్లు. తండ్రి కందులు పండించాడు, కొడుకు లైట్లు, ఫ్యాన్లు, మందుల పెట్టెలు అమ్ముతున్నాడు. దుకాణం ముందు సోలార్ లైటు ఒకటి వేలాడుతోంది. పైన నల్లటి పలక, కింద తెల్లటి బుడ్డి. కాశమ్మ దాన్ని అంతకుముందు రెండుసార్లు చూసింది, రెండుసార్లూ ముట్టుకోకుండా వచ్చేసింది.

"ఇది ఎట్ల ఎలుగుతది పటేలా?"

"ఎండల పెడితే సాలు కాశమ్మక్కా. పగలంత ఎండను లోపట దాసుకుంటది, పొద్దు గూకినంక ఎలుగు ఇస్తది."

కాశమ్మకు చప్పున అర్థమైంది. "అంటే పగలు మేసి, రాత్రి నెమరేస్తది."

సుధాకర్ పగలబడి నవ్వాడు. ఇరవై ఏళ్ల బేరంలో సోలారు గురించి ఇంత బాగా చెప్పినవాళ్లు లేరన్నాడు. కాశమ్మ చెంగు ముడి విప్పబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగు అక్కా. ఇరవై రెండో తారీఖు నుంచి జీఎస్టీ తగ్గుతది. దీనికి నూటికి పన్నెండున్న పన్ను అయిదైతది. నీకు నూట అయిదు రూపాయలు మిగుల్తయ్. కొవ్వొత్తులకు తగ్గుతది, గాయాలకు కట్టే పట్టీకి తగ్గుతది. జ్వరం చూసే థర్మామీటరుకైతే మస్తు తగ్గుతది. ఇప్పుడు ఎందుకు ఉత్తగనే కడతవు?"

"సర్కారు తనంతట తనే ఇడుస్తదా?" కాశమ్మకు నమ్మకం కుదరలేదు.

"ఇడుస్తున్నది గద! ఇంక మూడు సోమవారాలు. నీకోసం ఒకటి పక్కకు పెడత పో."

వచ్చిన గిరాకీని వెనక్కి పంపే దుకాణదారు ఎక్కడైనా ఉంటాడా? సుధాకర్ పంపాడు. మంచి మనసుతోనే పంపాడు, అందులో వంక పెట్టడానికి లేదు. కాశమ్మ ఖాళీ సంచితో రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది. పుట్టి బుద్ధెరిగాక సర్కారు ఆమె చేతిలోంచి తీసుకోవడమే గానీ, ఉంచుకొమ్మని అనడం ఇదే మొదటిసారి.

అప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస. రొట్టెలు చేస్తూ సోలార్ లైటు, గొర్రెల దొడ్డి ఊడుస్తూ సోలార్ లైటు. దిబ్బ మీద దాన్ని పెట్టినట్టు, అది తెల్లగా కాసినట్టు, వాగు పొడుగునా నీళ్లు పాలలా మెరిసినట్టు, అవతలి గుట్ట మీద ఒక్కొక్క గొర్రె ముఖం విడివిడిగా కనిపించినట్టు పట్టపగలే కలలు కనేది. మిగిలిన నూట అయిదుతో ఏం చేయాలో కూడా ఖాయం చేసుకుంది. పెట్టె మూతకు రెండు కొత్త కీళ్లు వేయించాలి. ఎన్నాళ్లని తీగ చుడుతుంది!

ఇక్కడ ఆమెను తిట్టేవాళ్లు తిట్టొచ్చు. ముప్పై రెండేళ్లు వాగును కాచిన మనిషికి ఆ మాత్రం తెలియదా అని అడగొచ్చు. తెలుసు. కానీ ఆ రోజుల్లో రెండుసార్లు గట్టి వాన పడితే రెండుసార్లూ తెల్లవారకముందే పడింది, మల్లప్ప ఇల్లు కదలలేదు. దాంతో ఆమెకు ధీమా వచ్చింది.

శుక్రవారం సాయంత్రం దొడ్డిలోకి వచ్చిన గొర్రెలు ఆకు ముట్టలేదు. ఒకదానికొకటి ఒరుసుకుని, అన్నీ అనంతగిరి దిక్కు ముఖం పెట్టి నిలబడ్డాయి. గొర్రెలు అలా నిలబడితే గుట్టల్లో వాన ఉందని ఆ నాలుగిళ్లలో పసిపిల్లలకు కూడా చెప్పక్కర్లేదు.

"సూసినవా?" అన్నాడు మల్లప్ప. "గుట్టల దిక్కే సూస్తున్నయ్. రేపు పొయ్యి గా లైటు తెచ్చుకోరాదే?"

"గింకెన్ని దినాలు? సోమవారమే గద. రెండు దినాలకు నూట అయిదు ఎవలన్న ఇడుస్తరా?"

"నీ ఇష్టం" అన్నాడు మల్లప్ప. ఆ మనిషి ఎప్పుడూ అంతే, రెండోసారి చెప్పడు.

శనివారం పొద్దంతా మబ్బు లేదు. మరునాడు ఎంగిలిపూల బతుకమ్మ. సాయంత్రం పక్కింటి యాదమ్మతో కలిసి కాశమ్మ దిబ్బ మీద తంగేడు పూలు కోస్తోంది. గాలి చల్లగా ఉంది. ఒడినిండా పచ్చటి పూలు, కింద మోకాలెత్తు కంది చేను, దాని మీద తూనీగలు. కాశమ్మ ఎటో చూస్తూ, ఏదో పాట గొణుగుతూ, సోమవారంలోకి వెళ్లిపోయింది. గాలిలో తడిమట్టి వాసన వచ్చింది. ఆమెకు ఆ వాసన కూడా హాయిగానే అనిపించింది. ఆ తరువాత తల తిప్పి వంపు వైపు చూసింది.

వంపు దగ్గర వాగు ఎర్రగా ఉంది.

ఒడిలో పూలు ఎప్పుడు జారిపోయాయో ఆమెకు తెలియదు. అవతలి గుట్టవాలు మీద, ఎగువ అంచున, గొర్రెల మంద కిందికి దిగుతోంది. ముందు కొమ్ముల గొర్రె, వెనుక గొంగడి కప్పుకున్న మల్లప్ప. అతను దిబ్బ వైపు చూస్తూనే ఉంటాడు. వెలుగు లేదు. వెలుగు లేదంటే రావచ్చని కాశమ్మే ముప్పై రెండేళ్లుగా చెబుతోంది. ఇప్పుడు కూడా ఆమే రమ్మంటోంది.

"ఓయ్! రావొద్దు! ఓయ్!" అని అరిచింది. గాలి అవతలి నుంచి ఇటు కొడుతోంది. మాట నోటి దగ్గరే తిరిగి వచ్చింది.

"యాదమ్మా, రేవు కాడికి ఉరుకు!" యాదమ్మ కొంగు బిగించి కంది చేనుకు అడ్డంపడి పరుగెత్తింది. రేవు అర మైలుకు పైనే. కాశమ్మ మోకాళ్లు ఆ దూరానికి పనికిరావు. యాదమ్మ కాళ్లయినా ఆ నీళ్లను గెలుస్తాయన్న నమ్మకం లేదు.

కాశమ్మ ఇంట్లోకి పరుగెత్తి పెట్టె తెరిచింది. సగం కాలిన కొవ్వొత్తి ఒకటి. దాన్ని దిబ్బ మీదికి తెచ్చి వెలిగిస్తే గాలి ఒక్క ఊపున ఆర్పేసింది. ఇంటి పక్క నిరుటి కందికట్టె కుప్ప ఉంది. అగ్గిపుల్ల గీసింది, మంట పెడితే కోసెడు దూరం కనిపిస్తుంది అనుకుంది. పుల్ల వేళ్ల దాకా కాలుతుండగా గుర్తొచ్చింది. ఒక ఏడు పాక అంటుకుంటే, ఆ మంట చూసి మల్లప్ప ఛాతీలోతు నీళ్లలో పడి ఈదుకుంటూ వచ్చాడు. ఇప్పుడు మంట చూస్తే ఆగడు సరికదా, ఇల్లు కాలుతోందని ఇంకా వేగంగా దూకుతాడు. పుల్లను కాలి కింద నలిపేసింది. మళ్లీ ఇంట్లోకి పోయి పెట్టెలోంచి ఫోను తీసింది. ఎవరికి చేస్తుంది? అది మల్లప్ప ఫోను. దాని లైటు నొక్కితే బొట్టుబిళ్లంత వెలుగు వచ్చింది.

కాశమ్మకు ఏడుపొచ్చింది. నూట అయిదు రూపాయలకు ఇంటాయనను అమ్ముకున్నానని తల బాదుకుంది.

పొద్దు అవతలి గుట్ట మీదికి వాలింది. గుట్టవాలంతా నీడ. ఆ నీడ వాగు దాటి, చేను దాటి, మెల్లగా ఇటు పాకుతోంది. దిబ్బ మీద మాత్రం ఇంకా కాస్త ఎండ ఉంది, చివరి ఎండ, పసుపురంగు. పెట్టె తెరిచినప్పుడు గడపలోంచి పడ్డ ఆ ఎండ, మూత లోపల తగిలి, ఇంటి దూలం మీద తెల్లగా వణుకుతోంది. కాశమ్మ ఒక క్షణం ఆ వెలుగును చూస్తూ నిలబడింది. కలలో ఎన్నోసార్లు చూసిన వెలుగు అది.

తీగ మెలిక విప్పేంత ఓపిక లేదు. కాలు పెట్టెకు తన్ని పట్టి మూతను ఒక్క గుంజు గుంజింది. ఆ పాత కీలు విరిగి మూత చేతికొచ్చింది. రెండు చేతులతో ఎత్తుకుని దిబ్బ ఎక్కి, మూత లోపలి వైపును పొద్దుకు చూపించింది.

మొదట వెలుగు ఎక్కడ పడుతోందో తెలియలేదు. కొంచెం వంచింది. కంది చేను మీద ఒక తెల్లటి మచ్చ పరుగెత్తింది. ఇంకొంచెం ఎత్తింది. మచ్చ వాగు దాటింది, నీడలోకి పోయింది, గుట్టవాలు మీద రాళ్లను తడుముతూ కిందికి జారింది. గొర్రెలు అప్పటికే రేవుకు చేరాయి. కాశమ్మ మూతను అటూ ఇటూ ఆడించి వెలుగును రేవు మీదికి తెచ్చింది. ఇంతలో నీడ ఆమె కాళ్లను అందుకుంది. ఆమె దిబ్బ కొసనున్న తాండూరు బండ మీదికి ఎక్కింది. నీడ బండను కూడా ఎక్కింది. ఆమె మూతను తలకంటే పైకి ఎత్తి పట్టుకుంది. చేతులు రెండే ఎండలో ఉన్నాయి.

రేవు దగ్గర ఎవరో గొంగడి తీసి గిర్రున తిప్పారు. ఒకసారి, రెండుసార్లు. చూశాను అని దానర్థం.

గొర్రెలు వెనక్కి మళ్లాయి, పైకెక్కాయి. తరువాత ఎర్రనీళ్లు దిబ్బ కింద నుంచి చెట్లను, కొమ్మలను దొర్లించుకుంటూ రేవు వైపు పోయాయి. కాశమ్మ వాటి చప్పుడు విన్నది గానీ చూడలేదు. పొద్దు మునిగినా ఆమె మూత దించలేదు. యాదమ్మ రొప్పుతూ తిరిగొచ్చి, చేతుల్లోంచి దాన్ని మెల్లగా తీసుకుంది.

మల్లప్ప మరునాడు మధ్యాహ్నం వాగులో నీళ్లు తగ్గాక వచ్చాడు. రాత్రంతా గుట్ట మీద గొంగడి కింద పడుకున్నాడు, ఒళ్లంతా గొర్రె వాసన. రాగానే ముఖం నిండా నవ్వు.

"తెచ్చుకున్నవా లైటు? ఏమన్న ఎలుగా అది! కందిలికి ఎన్నడన్న గంత ఎలుగు వచ్చెనా? కండ్లు జిగేల్మన్నయ్."

కాశమ్మ గోడకు ఆనించిన మూతను చూపించింది. అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. వచ్చి గడపలో కూలబడ్డాడు.

"కొమ్ముల గొర్రె దిగింది" అన్నాడు. "ఎన్క నేను గూడ కాలు పెట్టిన. ఎలుగు లేదు గద, నువ్వు సూసే ఉంటవు అనుకున్న."

ఆ మాటకు కాశమ్మ ఏడ్చింది. అతను కసిరి ఉంటే ఆమె ఏడ్చేది కాదు. "నువ్వు సూసే ఉంటవు అనుకున్న" అన్నందుకు ఏడ్చింది. ముందు రోజు నుంచి ఆపుకున్నదంతా వెళ్లబోసుకుంది. మల్లప్ప ఓదార్చడం తెలియక, గొంగడి దులిపి దండెం మీద వేసి, "ఇగ ఊకో, బువ్వ పెట్టు, ఆకలైతుంది" అన్నాడు.

సోమవారం కాశమ్మ మొదటి రైలుకే తాండూరు పోయింది. సుధాకర్ లైటు దించి, తుడిచి, బిల్లు రాసి, పన్ను తగ్గిన చోట వేలుపెట్టి మరీ చూపించాడు.

"సూసినవా అక్కా? నేను చెప్పలే? నూట అయిదు మిగిలినయ్."

"మిగిలినయ్ పటేలా. మా ఇంటాయన గూడ మిగిలిండు."

సుధాకర్‌కు అర్థం కాలేదు. ఆమె జరిగినదంతా చెప్పింది. అతని చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. "నేను మంచికే చెప్పిన అక్కా" అన్నాడు.

"నీదేం తప్పు లేదు. గొడుగుకు ఆగొచ్చు, థర్మామీటరుకు ఆగొచ్చు. ఇది దేనికో నీకు తెల్వదు, నాకు తెలుసు. గొర్రెలు గూడ చెప్పినయ్, ఇననిది నేను."

కొవ్వొత్తులు కొన్నది, గాయాలకు కట్టే పట్టీ కొన్నది. ఇనుప సామాన్ల దుకాణం ముందు నుంచే నడిచి వచ్చింది. కొత్త కీళ్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆగలేదు. ఇంటికొచ్చాక మూతను పెట్టె మీద పెట్టి, పాత తీగనే రెండు చుట్లు చుట్టి, గట్టిగా గుంజితే వచ్చేటట్టు వదులుగా మెలిక పెట్టింది.

లైటును మాత్రం పొద్దు వాలేదాకా దిబ్బ మీద ఎండలో మేపింది. ఆకాశం తేటగా ఉంది. వంపు దగ్గర వాగు తెల్లగా, సన్నగా పారుతోంది. చీకటి పడుతుంటే లైటు వెలిగించి చూడాలని ఆమెకు ఒకటే ఆరాటం. పదహారు రోజుల కల మరి! బటన్ మీద వేలు పెట్టి, అవతలి గుట్ట వైపు చూసి, వేలు తీసేసింది. గొర్రెలు దిగుతున్నాయి. ఇప్పుడు వెలుగు కనిపిస్తే ఆయన అక్కడే ఆగిపోతాడు.

లైటును ఇంట్లోకి తెచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. కిటికీకి చీర అడ్డం కట్టింది. అయినా నమ్మకం చాలక, దాన్ని ఆపతి పెట్టెలో పెట్టి, వెలిగించి, మూత వేసింది. తీగ చుట్టిన వైపు సందులోంచి పోగులాంటి తెల్లటి వెలుగు బండల మీద పడింది. కాశమ్మ పెట్టె పక్కన కూర్చుని, ఆ పోగు మీద అరచెయ్యి పెట్టి, వాగు దిక్కు చెవి పెట్టి విన్నది. ముందు నీళ్లలో గిట్టల చప్పుడు, తరువాత చేను గట్టు మీద మెడగంటలు, తరువాత దొడ్డి కంప జరిపిన చప్పుడు.

"ఏదే నీ లైటు? ఇల్లంత సీకటి పెట్టుకున్నవ్?" బయట నుంచే అడిగాడు మల్లప్ప.

"ముందు నువ్వు లోపటికి రా" అన్నది కాశమ్మ.

అతను గడప దాటి లోపలికి వచ్చాడు. అప్పుడు ఆమె మూత ఎత్తింది.